కాలేయ కణంలో డీఎన్‌ఏను చదివే ప్రోటీన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో సాయంత్రం పూట బీఎస్సీ పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంటాను. వీళ్లలో సగం మందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు తెలుగు మీడియం. ఒకే పాఠాన్ని మూడు భాషల్లో చెప్పలేక, పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులు తెలుగులో రాసి పెట్టాను. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలు అడిగినవి కూడా ఇందులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే అవే గట్టి ప్రశ్నలు.

అన్ని కణాల్లోనూ డీఎన్‌ఏ ఒకటే అంటారు. మరి కన్ను కన్నులా, కాలేయం కాలేయంలా ఎందుకున్నాయి?

మా బజారులో ఒక గోడ ఉంది. దాని మీద ఒడియాలో కొన్ని ప్రకటనలు, తెలుగులో కొన్ని. గుణుపురం రైలు దిగినవాళ్లు ఆ గోడ ముందు నుంచే నడుస్తారు. ఎవరికి ఏ లిపి వస్తే ఆ ముక్క చదువుకుని పోతారు. గోడ అందరికీ ఒకటే, చదివే కళ్లే వేరు.

డీఎన్‌ఏ ఆ గోడ లాంటిది. మనిషి కణంలో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు ఉంటాయి. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు మీ కంటి కణంలోనూ ఉంది, చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ దాన్ని చదివే ప్రోటీన్లు లేవు, అంతే. కాలేయ కణం కేంద్రకంలో అవి ఉన్నాయి కాబట్టి కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది.

ఈ చదివే ప్రోటీన్లను పుస్తకాలు అనులేఖన కారకాలు అంటాయి, క్లాసులో అందరూ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలు.

జన్యు వ్యక్తీకరణ అంటే?

జన్యువులో రాసి ఉన్నది ఆర్‌ఎన్‌ఏగా నకలు కావడం, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవడం. ఎంత నకలు తీయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఎక్కువగా మొదటి మెట్టులోనే తేలిపోతుంది. ఈ పేజీ అంతా ఆ మొదటి మెట్టు గురించే.

ప్రోటీన్‌కు కళ్లు లేవు కదా, అక్షరాలు ఎలా చదువుతుంది?

తడిమి. కరెంటు పోయినప్పుడు తాళం చెవుల గుత్తి తడిమి వీధి తలుపు చెవి ఏదో, బీరువా చెవి ఏదో చెప్పేస్తాం కదా, అలాగ.

డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన అని చిన్నప్పుడే చదివారు. ఆ మెలిక వల్ల బయటివైపు రెండు గాళ్లు ఏర్పడతాయి, ఒకటి వెడల్పుది, ఒకటి ఇరుకుది. డీఎన్‌ఏ అక్షరాలు నాలుగు: ఏ, టీ, జీ, సీ. అవి జతగా కలిసి ఒక్కో మెట్టు అవుతాయి. మెట్ల అంచులు ఆ గాళ్లలోకి తొంగిచూస్తుంటాయి. ఏ-టీ మెట్టు అంచు మీద హైడ్రోజన్ బంధం ఇచ్చే చోట్లు, పుచ్చుకునే చోట్లు ఒక వరసలో ఉంటాయి, జీ-సీ మెట్టు మీద ఇంకో వరసలో ఉంటాయి. ప్రోటీన్‌లోని స్ప్రింగులాంటి ఆల్ఫా హెలిక్స్ సరిగ్గా ఆ వెడల్పు గాడిలో ఇముడుతుంది. దాని మీదున్న అమైనో ఆమ్లాలు మెట్టు అంచులను తాకి, ఇది ఏ అక్షరమో పసిగడతాయి. నిచ్చెన విప్పాల్సిన పనే లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఏటా ఒకరైనా 'విప్పకుండానా!' అంటారు. ఆ ఒక్క ఆశ్చర్యం కోసమే నేను ఈ పాఠం చెబుతానేమో.

మరి అతుక్కునే బలం? డీఎన్‌ఏ వెన్నులోని ఫాస్ఫేట్లకు రుణావేశం, ప్రోటీన్‌లోని లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాలకు ధనావేశం. ముందు ఈ ఆకర్షణతో డీఎన్‌ఏ మీద ఎక్కడో ఒకచోట వాలుతుంది. తర్వాత కాస్త జారుతూ, కాస్త ఎగిరి దూకుతూ తన చోటు వెతుక్కుంటుంది.

ఒక ప్రోటీన్ ఎన్ని అక్షరాలు గుర్తుపడుతుంది?

సాధారణంగా 6 నుంచి 12. ఇక్కడే చిక్కు ఉంది. 6 అక్షరాల మాట యాదృచ్ఛికంగా ప్రతి 4,096 అక్షరాలకు ఒకసారి తగులుతుంది. మనిషి జన్యుపటంలో 310 కోట్ల అక్షరాలు. లెక్క వేయండి, ఏడు లక్షలకు పైగా చోట్ల ఆ మాట కనిపిస్తుంది. అన్నిచోట్లా జన్యువులు మేలుకుంటే కణం బతకదు. అందుకే ఒక్క ప్రోటీన్ సంతకంతో పని జరగదు. బ్యాంకులో జాయింట్ ఖాతాకు ఇద్దరి సంతకాలు అడిగినట్టు, పక్కపక్కనే నాలుగైదు ప్రోటీన్లు కూర్చుంటే తప్ప జన్యువు కదలదు.

అయితే కాలేయానికి మాత్రమే సొంతమైన ప్రోటీన్ ఏది?

ఒక్క పేరు చెప్పమంటే చెప్పలేను, ఎందుకంటే అలాంటిది దాదాపు లేదు. పరీక్షలో ఈ ప్రశ్న అడిగేవాళ్లు తరచు తప్పు జవాబే ఆశిస్తారు.

కాలేయంలో ముఖ్యమైనవి హెచ్‌ఎన్‌ఎఫ్-1-ఆల్ఫా, హెచ్‌ఎన్‌ఎఫ్-4-ఆల్ఫా, ఫాక్స్-ఏ కుటుంబం, సీ-ఈబీపీ-ఆల్ఫా. హెచ్‌ఎన్‌ఎఫ్ అన్న పేరుకు కాలేయ కణ కేంద్రక కారకం అనే అర్థం. పేరు అలా ఉన్నా హెచ్‌ఎన్‌ఎఫ్-1-ఆల్ఫా మూత్రపిండంలోనూ, పేగులోనూ, క్లోమంలోనూ ఉంటుంది. సీ-ఈబీపీ-ఆల్ఫా కొవ్వు కణంలో ఉంటుంది. ఇవన్నీ ఒకేచోట, తగిన మోతాదులో కలిసేది కాలేయంలో. కూర రుచి ఉప్పులోనో చింతపండులోనో విడిగా ఉండదు కదా.

హెచ్‌ఎన్‌ఎఫ్-1-ఆల్ఫా జన్యువులో లోపం ఉంటే కాలేయ జబ్బు కాదు, చిన్న వయసులోనే ఒక రకం మధుమేహం వస్తుంది. ఆ సంగతి 1996లో తేలింది. క్లోమంలోనూ అది పని చేస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

డీఎన్‌ఏ చుట్టలు చుట్టి ఉంటుంది కదా, ప్రోటీన్ లోపలికి ఎలా దూరుతుంది?

ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల డీఎన్‌ఏ, మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో. అది పట్టాలంటే చుట్టక తప్పదు. 147 అక్షరాల ముక్క హిస్టోన్ ప్రోటీన్ల ఉండ చుట్టూ రెండు చుట్లకు కొంచెం తక్కువగా తిరుగుతుంది. ఈ ఉండనే న్యూక్లియోసోమ్ అంటారు. చాలా ప్రోటీన్లు చుట్టలో ఉన్న డీఎన్‌ఏను తాకలేవు.

ఫాక్స్-ఏ తాకగలదు. దాని ఆకారం హిస్టోన్లలోనే ఒకదానిని పోలి ఉంటుంది, కాబట్టి చుట్ట మీదే వెళ్లి కూర్చుంటుంది. ఎలుక పిండంలో కాలేయం ఇంకా ఏర్పడకముందే, ఆల్బుమిన్ ఒక్క చుక్క కూడా తయారవకముందే, ఆల్బుమిన్ జన్యువు దగ్గర ఫాక్స్-ఏ చోటు నిండి ఉంటుంది. పెళ్లికి ముందురోజే వచ్చి పందిరి రాటలు పాతేవాళ్లలాగ. మిగతావాళ్లు తర్వాత వస్తారు.

ఒకసారి పట్టుకుంటే ఎంతసేపు ఉంటుంది?

చాలా ప్రోటీన్లు కొన్ని సెకన్లే. బతికున్న కణాల్లో చూసి తేల్చిన మాట ఇది. పుస్తకంలో బొమ్మ చూసి మేకు కొట్టినట్టు ఉండిపోతుందనుకోవద్దు.

ఇదంతా ఎలా కనిపెట్టారు? కంటికి కనిపించదు కదా.

కాలేయాన్ని ఎంచుకోవడంలోనే సగం కిటుకు ఉంది. పెద్ద అవయవం, బరువులో ఎక్కువ భాగం ఒకే రకం కణాలు, ఎలుక నుంచి కూడా గ్రాముల్లో దొరుకుతుంది. దాన్ని చల్లగా ఉంచి మెత్తగా నూరి, చిక్కటి పంచదార ద్రావణం మీద పోసి గిర్రున తిప్పితే, బరువైన కేంద్రకాలు అడుక్కు దిగుతాయి. వాటికి ఉప్పు గాఢత పెంచితే డీఎన్‌ఏను పట్టుకున్న ప్రోటీన్లు ఊడి బయటికి వస్తాయి. ఆ ఉప్పునీళ్లే కేంద్రక సారం.

మొదటి పరీక్ష ఫుట్‌ప్రింటింగ్, 1978 నాటిది. వాన పడేటప్పుడు వీధిలో స్కూటర్ నిలిపి ఉంచి, వాన వెలిశాక తీస్తే కింద నేల పొడిగా ఉంటుంది. స్కూటర్ కనపడకపోయినా ఎక్కడ నిలిపారో తెలుస్తుంది. డీఎన్‌ఏను ఎక్కడపడితే అక్కడ కత్తిరించే డీఎన్‌ఏజ్ అనే ఎంజైమ్ ఇక్కడ వాన. ప్రోటీన్ కూర్చున్న చోట కత్తెర పడదు. ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద అవి నిచ్చెనలా వరసకడితే, ఆ చోట మెట్లు మాయమై ఖాళీ కనిపిస్తుంది.

రెండోది జెల్ షిఫ్ట్, 1981. చిన్న డీఎన్‌ఏ ముక్క జెల్‌లో చకచకా పరిగెడుతుంది. దానికి ప్రోటీన్ అతుక్కుంటే, సంతలో నెత్తిన గంప ఉన్న మనిషిలా వెనకబడుతుంది. 1980ల రెండో సగంలో కాలేయం తయారుచేసే ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ ప్రోటీన్ల జన్యువుల ముందు భాగాలతో ఈ రెండు పరీక్షలూ చేసి, పైన చెప్పిన హెచ్‌ఎన్‌ఎఫ్ పేర్లు ఒక్కొక్కటే బయటికి తీశారు. న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ డార్నెల్ బృందం ఇందులో ముందుంది. సీ-ఈబీపీని పట్టుకున్న స్టీవెన్ మెక్‌నైట్ బృందం 1988లో, రెండు ప్రోటీన్లు జిప్పులా జతకూడి డీఎన్‌ఏను పట్టుకుంటాయని ప్రతిపాదించింది. లూసిన్ జిప్పర్ అన్న పేరు అప్పటిదే.

నేను ఎమ్మెస్సీ చదివిన చోట ఈ సారం తీయడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ లేదు. పొద్దున జెల్ వేస్తే ఏమీ లేదు, ప్రోటీన్లన్నీ ముక్కలైపోయాయి. 'మళ్లీ చెయ్యి' అన్నారు మా సార్, అంతే.

రాత్రి ఏమీ తినలేదు, పొద్దున షుగర్ 180 వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక విద్యార్థి నాన్నగారు గుమ్మంలో నిలబడి అడిగిన ప్రశ్న. చాలామందికి ఇదే టెన్షన్. రాత్రి అన్నం మానేసి చోడి అంబలి తాగినా పొద్దున అంకె తగ్గడం లేదని వాపోతారు.

ఆ చక్కెరలో ఎక్కువ భాగం మీ కాలేయం తయారుచేసిందే. తిండి లేని వేళ మెదడుకు గ్లూకోజ్ అందాలి కదా, అందుకే రాత్రి కాలేయం చక్కెర తయారీ మొదలుపెడుతుంది. దానికి కావలసిన ఎంజైమ్‌ల జన్యువుల ముందు ఫాక్స్-ఓ-1 అనే ప్రోటీన్ కూర్చుంటుంది. గ్లూకగాన్ హార్మోన్ పిలుపుతో క్రెబ్ అనే ఇంకొకటి చురుకవుతుంది. రెండూ కలిసి నకళ్లు తీయిస్తాయి.

తిన్నాక ఇన్సులిన్ వస్తుంది. దాని మాట కణం లోపలికి చేరగానే ఫాక్స్-ఓ-1కు ఫాస్ఫేట్ ముద్రలు పడతాయి. ముద్ర పడ్డ ప్రోటీన్ కేంద్రకంలో ఉండలేదు, బయటికి నడవాల్సిందే. జన్యువు అక్కడే ఉంది, చదివేవాడిని గది బయటికి పంపారు. టైప్-2 మధుమేహంలో కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు. ఫాక్స్-ఓ-1 లోపలే ఉండిపోతుంది, రాత్రంతా తయారీ సాగుతుంది. పొద్దున మీటర్‌లో కనిపించేది అదే.

మందు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టరుగారి పని, నాది కాదు.

కొలెస్ట్రాల్ మాత్రకూ ఈ పాఠానికీ సంబంధం ఉందా?

సూటిగా ఉంది. ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రోటీన్ మామూలుగా కేంద్రకం బయట, ఒక పొరకు కట్టేసి ఉంటుంది. కణంలో కొలెస్ట్రాల్ తగ్గితే దాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లి, కట్టు కోస్తారు. తెగిన ముక్క కేంద్రకంలోకి వెళ్లి, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్‌ను పట్టుకునే ప్రోటీన్, అంటే ఎల్‌డీఎల్ గ్రాహకం, దాని జన్యువు ముందు 10 అక్షరాల చోటును పట్టుకుంటుంది. గ్రాహకాలు పెరిగి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం లోపలికి లాగేస్తుంది.

స్టాటిన్ మాత్ర చేసేది కాలేయం సొంత కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకోవడం. మిగతాదంతా ఈ ప్రోటీన్ పనే. మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకు ఎల్‌డీఎల్ గ్రాహకం మీద పనికి 1985లోనే నోబెల్ వచ్చింది. ఎస్‌ఆర్‌ఈబీపీని ఆ తర్వాత కనిపెట్టారు.

టీబీ మందులు వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు పనిచేయవంటారు, నిజమా?

నిజం. టీబీ కోర్సులో మూత్రాన్ని ఎర్రగా చేసే రిఫాంపిసిన్ ఉంటుంది. అది కాలేయ కణంలో పీఎక్స్ఆర్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. పీఎక్స్ఆర్ ఇంకో ప్రోటీన్‌తో జతకూడి డీఎన్‌ఏను పట్టుకుని, మందులను విరిచే ఎంజైమ్‌ల జన్యువులను, ముఖ్యంగా సీవైపీ-3ఏ4ను, బాగా పెంచుతుంది. ఆ ఎంజైమ్‌లు గర్భనిరోధక మాత్రలోని హార్మోన్లను, రక్తం పలచనచేసే వార్ఫరిన్‌ను, ఇంకా ఎన్నో మందులను త్వరగా కరిగించేస్తాయి. ఈ ప్రభావం వారంలో పెరుగుతుంది, రిఫాంపిసిన్ ఆపాక కూడా సుమారు రెండు వారాలు నిలుస్తుంది. అందుకే టీబీ మందులు మొదలుపెట్టేటప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర పేరూ చెప్పాలి. అత్తగారి ముందు చెప్పడానికి మొహమాటపడే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, ఆశా దీదీతో విడిగానైనా చెప్పండి.

తమాషా ఏమిటంటే, ఎలుక పీఎక్స్ఆర్ రిఫాంపిసిన్‌ను పట్టించుకోదు. ఎలుకలో పరీక్షిస్తే ఈ సంగతి బయటపడేది కాదు.

కామెర్లకు పసరు తాగితే తగ్గింది. మీరేమో జన్యువులంటారు.

కామెర్లకు కారణాలు చాలా. వైరస్ కావచ్చు, రాయి అడ్డం పడి ఉండవచ్చు. పరీక్ష చేయించకుండా పసరు తాగడం ప్రమాదం. అది ముందు చెప్పి, మీ ప్రశ్నకు వస్తాను.

గిల్బర్ట్ సిండ్రోమ్ అని ఒకటుంది, అరుదేమీ కాదు. కామెర్లలో పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్‌ను బయటికి పంపించడానికి సిద్ధంచేసే ఎంజైమ్ జన్యువు యూజీటీ-1ఏ1. దాని ముందు టీఏ, టీఏ అనే జత మామూలుగా 6 సార్లు ఉంటుంది. కొందరికి 7 సార్లు ఉంటుంది. జన్యువులో ఒక్క అక్షరం కూడా తప్పు కాదు, దాని గుమ్మంలో ఒక జత ఎక్కువ, అంతే. అక్కడ కూర్చోవాల్సిన ప్రోటీన్‌కు పట్టు సరిగా దొరకదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ 7 జతలే వచ్చినవారిలో ఎంజైమ్ మూడో వంతుకు పడిపోతుంది. ఈ లోపం ఇక్కడుందని 1995లో తేలింది.

వీళ్లకు ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా కళ్లు కాస్త పచ్చబడతాయి. తిండి తింటే, జ్వరం తగ్గితే వాటంతట అవే తెల్లబడతాయి. ఆ నాలుగు రోజుల్లో పసరు తాగి ఉంటే ఘనత పసరుకు పోతుంది.

జన్యువు బాగుండి, ప్రోటీన్ కూర్చునే చోటు మాత్రమే చెడితే జబ్బు వస్తుందా?

పైన చూసింది అదే. కానీ నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంకొకటి ఉంది, దీనికి కాస్త ఓపిక కావాలి.

హిమోఫిలియా-బిలో గాయమైతే రక్తం గడ్డకట్టదు. కారణం కాలేయం చేసే ఫ్యాక్టర్ 9 లేకపోవడం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1970లో ఒక వింత కుటుంబాన్ని వర్ణించారు. మగపిల్లలకు చిన్నప్పుడు తీవ్రంగా రక్తస్రావం, మీసాలు వచ్చే వయసు నుంచి జబ్బు దానంతట అదే తగ్గుముఖం. జన్యు జబ్బు తగ్గడమేమిటి?

తర్వాత డీఎన్‌ఏ చదివితే, ఇలాంటివాళ్లలో ఫ్యాక్టర్ 9 ప్రోటీన్ రాతలో తప్పేమీ లేదు. జన్యువు మొదలయ్యే చోటుకు 20 అక్షరాల ముందు ఒకే అక్షరం మారినవారిలో హెచ్‌ఎన్‌ఎఫ్-4 కూర్చోలేకపోతోంది. ఇంకొందరిలో మొదలైన చోటు నుంచి 13వ అక్షరం మారి, సీ-ఈబీపీ కూర్చోలేకపోతోంది. సంతకాల్లో ఒకటి తగ్గింది, జన్యువు కదల్లేదు. యుక్తవయసులో పురుష హార్మోన్ పెరిగాక, దాని గ్రాహక ప్రోటీన్ పక్కనే ఉన్న తన చోటులో కూర్చుని, లేని సంతకం లోటు తీరుస్తుంది.

ఇది ఊహ కాదనడానికి రుజువు కూడా ఉంది. 26 అక్షరాల ముందు ఒక రకం మార్పు ఉన్నవారికి హెచ్‌ఎన్‌ఎఫ్-4 చోటూ, హార్మోన్ గ్రాహకం చోటూ రెండూ దెబ్బతింటాయి. వాళ్లకు పెద్దయ్యాక కూడా జబ్బు తగ్గదు.

హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్నే ఎందుకు పట్టుకుంటుంది?

లోపలికి వెళ్లే తలుపు కాలేయ కణం మీద ఉండటం ఒక కారణం. రెండోది, ఆ వైరస్ డీఎన్‌ఏ 3,200 అక్షరాలే అయినా, అందులో హెచ్‌ఎన్‌ఎఫ్-4, హెచ్‌ఎన్‌ఎఫ్-1, సీ-ఈబీపీలకు కూర్చునే చోట్లు ఉన్నాయి. మన ఇంటి మనుషులతోనే తన పని చేయించుకుంటుంది. పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా మానకండి.

చర్మ కణాన్ని కాలేయ కణంగా మార్చవచ్చా?

2011లో రెండు బృందాలు ఎలుక కణాల్లో కొన్ని చదివే ప్రోటీన్లు ప్రవేశపెట్టి, కాలేయ కణాల్లాంటివి తయారుచేశాయి. లాంటివే. అసలు కణం చేసే పనులన్నీ ఇంకా చేయలేవు.

మా కోరాపుట్ వైపు సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఎక్కువ. దీనికి కాలేయంతో ఏమైనా సంబంధముందా?

పుట్టకముందు ఉంది. కడుపులో బిడ్డకు చాలా నెలలు రక్తం తయారయ్యేది కాలేయంలోనే, అప్పుడు చేసేది పిండ హీమోగ్లోబిన్. పుట్టాక రక్తం తయారీ ఎముక మజ్జలో జరుగుతుంది, హీమోగ్లోబిన్ కూడా పెద్దవాళ్ల రకానికి మారుతుంది. ఆ మార్పులో బీసీఎల్-11ఏ అనే కేంద్రక ప్రోటీన్ పిండ హీమోగ్లోబిన్ జన్యువు ముందు కూర్చుని దాన్ని ఆపేస్తుంది. ఇప్పటిదాకా చదివించే ప్రోటీన్లనే చూశాం, ఇది నోరు మూయించేది.

సికిల్ లోపం ఉన్నది పెద్దవాళ్ల హీమోగ్లోబిన్‌లోనే కాబట్టి, పిండ హీమోగ్లోబిన్ మిగిలి ఉన్నవాళ్లకు బాధ తక్కువ. ఒడిశా రోగుల్లో చాలామందికి అది సహజంగానే ఎక్కువ ఉంటుంది, అందుకే ఆఫ్రికా మూలాల రోగులతో పోలిస్తే వీళ్లలో జబ్బు సగటున నెమ్మది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు, నొప్పుల దాడి వస్తే ఆసుపత్రికే.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ఈ బీసీఎల్-11ఏ మీదే దెబ్బ కొడుతుంది. రక్త మూలకణాల్లో దాని జన్యువును నడిపే చిన్న ముక్కను కత్తిరిస్తారు. అమెరికాలో అప్పుడు ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. ఈ అంకె చెప్పగానే గుణుపురం నుంచి వచ్చే ఒక అబ్బాయి నోటుబుక్కు మూసేశాడు. వాళ్ల చెల్లికి సికిల్ అని తర్వాత తెలిసింది. ఆ రోజు క్లాసు అయ్యాక, ఇక్కడ దొరికే హైడ్రాక్సీయూరియా కూడా పిండ హీమోగ్లోబిన్‌ను పెంచే మందేనని చెప్పాను. మాత్ర పేరు తెలుగులో రాసుకుని, కింద ఒడియాలో కూడా రాయించుకుని వెళ్లాడు.

ఏటి మాస్టారూ, ఈ పేర్లన్నీ బట్టీ పట్టాలా?

నాలుగు చాలు: హెచ్‌ఎన్‌ఎఫ్-1, హెచ్‌ఎన్‌ఎఫ్-4, ఫాక్స్-ఏ, సీ-ఈబీపీ. ఫుట్‌ప్రింటింగ్ బొమ్మ వేయడం మాత్రం నేర్చుకోండి, 5 మార్కులకు తరచు అడుగుతారు.